ఉషారాణి కార్డు మీద వచ్చిన మనిషి

నాగదుర్గ ఇంకా ఊపిరి తీస్తూనే ఉంది. ఆ ఊపిరి ఆగకముందే ఆమె ఒంటి మీంచి కంపెనీ ఏప్రాన్ విప్పించారు.

నేను కళ్ళారా చూశాను. పొద్దున్న పదిన్నర. ఫ్యాక్టరీ వెనక, ఐసు లారీలు ఆగే చోట, ఎండలో సిమెంటు గచ్చు మీద ఆమెను పడుకోబెట్టారు. కళ్ళు వాచిపోయి మూసుకుపోయాయి. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో గరగరమని చప్పుడు. కారు సిద్ధంగా ఉంది. అమలాపురం ఆస్పత్రికి ముప్పావు గంట దారి. అయినా మా హెచ్చార్ మేనేజర్ గోపీకృష్ణ గారు కారు తలుపుకు అడ్డంగా నిలబడి ఒకే మాట చెప్పారు.

"ముందు యూనిఫాం తీసేయండి. టోపీ, ఏప్రాన్, బూట్లు. మనవి అనేవి ఒక్కటి కూడా ఒంటిమీద ఉండకూడదు."

ఆయన్ని గారు అంటున్నానని గౌరవం అనుకోకండి. గోదావరి వాళ్ళం, అలవాటు పోదు.

ఇద్దరు సూపర్‌వైజర్లు టోపీ, ఏప్రాన్ లాగేశారు. ఎడమకాలి బూటు ఊడిరాలేదు. "గాయత్రీ, చూస్తావేంటి? పట్టు" అన్నారాయన. నేను వంగి బూటు లాగాను. ఈ కథ చెబుతున్న మనిషి ఎలాంటిదో మీకు ముందే తెలియాలి కాబట్టి చెబుతున్నాను. ఆ బూటు లాగింది నేనే.

రాజోలు దాటి సముద్రం వైపు వెళ్ళే రోడ్డులో ఉంది ఆ రొయ్యల ఫ్యాక్టరీ. కంపెనీ పేరు రాయను. రాస్తే పరువునష్టం దావా వేస్తారట. వాళ్ళకి పరువుందని కోర్టులో నిరూపించుకునే అవకాశం నేనెందుకివ్వాలి? అందులో నేను ఆఫీసు గుమస్తాని. బీకాం చదివాను. ఆఖరి ఏడాది మాకు బిజినెస్ ఎథిక్స్ అనే పేపరుండేది. నాకు డెబ్భై ఒక్క మార్కులొచ్చాయి. ఇది చదివే విద్యార్థుల్లో ఆ పేపరు రాయబోయేవాళ్ళుంటే ఒక మాట చెప్పాలి. ఆ డెబ్భై ఒక్క మార్కులు చూసే నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నారు.

ఎందుకంటే, విదేశాల్లో మా రొయ్యలు కొనే కంపెనీ ఏడాదికోసారి ఒక తనిఖీ సంస్థను పంపిస్తుంది. పనివాళ్ళను ఇక్కడ మనుషుల్లా చూస్తున్నారని ఆ సంస్థ సర్టిఫికెట్ ఇస్తేనే సరుకు ఓడ ఎక్కుతుంది. దాన్ని ఎథికల్ ఆడిట్ అంటారు. ఆడిట్‌కి వారం ముందు, రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళను క్యాంటీన్‌లో కూర్చోబెట్టి జవాబులు నేర్పడం నా పని.

"రోజుకి ఎన్ని గంటలు పని?"

"ఎనిమిదండి."

"గ్లౌజులిస్తారా?"

"ఆయ్, రోజూ కొత్తవి ఇస్తారండి."

వాళ్ళందరిలోకి పెద్దది అచ్చమ్మ. ఇరవై ఏళ్ళుగా ఐసులో నానిన వేళ్ళు, గోళ్ళ చుట్టూ పుళ్ళు. "ఎనిమిదయ్యాక ఇంకో నాలుగు గంటలు మేం ఇక్కడ ఏం పీకుతున్నామని చెప్పమంటావే పిల్లా?" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. సిగ్గులేకుండా నేనూ నవ్వేదాన్ని.

ఇక్కడ కార్డుల సంగతి చెప్పాలి. మా దగ్గర గేటు కార్డు ఇంటిది, మనిషిది కాదు. ఒకావిడకి జ్వరమొస్తే ఆమె కార్డు మీద ఆడపడుచు వస్తుంది. ఆడపడుచు పురిటికి వెళితే అమ్మ వస్తుంది. లోపల అందరికీ తెల్ల టోపీ, మూతికి మాస్కు, కనిపించేవి కళ్ళే. చేతులు ఆడుతున్నాయా లేదా అన్నదే తప్ప మొహం ఎవరిదని అడిగేవాడు లేడు. ఒకరి సీటు ఒకరు కాపాడుకోవడానికి ఆడవాళ్ళు మొదలుపెట్టిన పద్ధతి అది. దానికి నీళ్ళు పోసి పెంచింది మాత్రం లేబర్ మేస్త్రి అమ్మిరాజు. "సీటు ఖాళీ ఉండకూడదమ్మా, మీలో ఎవరో ఒకరు రండి" అనేవాడు. అలా నూట అరవై కార్డుల మీద మూడు వందల మంది దాకా పని చేశారు. సెలవులు, బీమా, పీఎఫ్ మాత్రం నూట అరవై మందికే.

ఇదంతా మా తెలివి అనుకున్నాం. కంపెనీ కళ్ళు కప్పుతున్నామని కొంగు చాటున నవ్వుకున్నాం. ఎవరి కళ్ళు ఎవరు కప్పారో నాగదుర్గ చచ్చాక గాని తెలిసిరాలేదు.

ఆ రోజు నాగదుర్గ వచ్చింది తన తోడికోడలు, వరసకి అక్క, ఉషారాణి కార్డు మీద. ఉషారాణి అత్తగారిని కంటి ఆపరేషన్‌కి తీసుకెళ్ళింది. పదింటికి ఫ్రీజింగ్ గదిలో అమ్మోనియా పైపు పగిలింది. సైరన్ మోగలేదు. ఊరికే మోగి పని ఆగిపోతోందని ఏడాది కిందటే దాని వైర్లు పీకించారు. ముందు వరసల వాళ్ళు తడి గుడ్డలు మూతికి అడ్డం పెట్టుకుని ముందు తలుపు నుంచి బయటపడ్డారు. నాగదుర్గ వెనక తలుపు పక్కన ట్రేలు సర్దుతోంది. ఆ తలుపుకి బయటినుంచి తాళం. ఆడవాళ్ళు రొయ్యలు పట్టుకుపోతారని వేసిన తాళం అది. తాళంచెవి వెతికి తెచ్చేసరికి పది నిమిషాలైంది.

ఆమె మూడోరోజు చనిపోయింది. కంపెనీ ఒక ఉత్తరం తయారు చేసింది. "మృతురాలు మా ఉద్యోగి కాదు. ప్రహరీ వెనక పారబోసిన రొయ్య తలకాయలు ఏరుకోవడానికి అనుమతి లేకుండా ప్రవేశించి అస్వస్థతకు గురైంది. మానవతా దృక్పథంతో ఆస్పత్రికి చేర్చాం." ఈ ఉత్తరం టైపు చేసింది కూడా నేనే. మానవతా అన్న చోట ఒక అక్షరం తప్పు పడితే గోపీకృష్ణ గారు దగ్గరుండి దిద్దించారు.

వాళ్ళ దగ్గర రుజువు కూడా ఉంది. ఆ రోజు లోపలికెళ్ళిన కార్డులు నూట అరవై. ఆ నూట అరవై పేర్ల వాళ్ళూ బతికే ఉన్నారు. ఉషారాణి బతికే ఉంది. ప్రమాదం జరిగిన మర్నాడే పనికొచ్చింది కూడా. రప్పించింది అమ్మిరాజు. "నువ్వు రాకపోతే కార్డు పోద్ది, రెండిళ్ళూ రోడ్డున పడతాయి. నీ చెల్లికేం పరవాలేదు, నువ్వొచ్చి కూర్చో" అన్నాడు. ఆమె వచ్చి కూర్చుంది. అమలాపురంలో చెల్లెలు ఊపిరి కోసం కొట్టుకుంటుంటే ఇక్కడ అక్క రొయ్యలు ఒలిచింది. ఆమె చేసిన తప్పు అదొక్కటే. కంపెనీకి సాక్ష్యం కూడా అదే అయింది.

పెద్దకర్మ అయిన తర్వాత ఆదివారం మధ్యాహ్నం, ఊరి చివర వలలు పెట్టుకునే పాకలో అందరూ చేరారు. పాక చాలక సగం మంది బయట ఇసుకలో కూర్చున్నారు. నాగదుర్గ మొగుడు ముత్యాలరాజు సముద్రంలో చేపల వేటకు వెళ్ళేవాడు. అతను లేచి నిలబడ్డాడు.

"నా పెళ్ళాం తలకాయలు ఏరుకోడానికెళ్ళిందంటండి. వేట చేసేవోళ్ళం, రొయ్యకి మొహం వాచిపోయేమా మేము?" అన్నాడు. "అమ్మిరాజు వచ్చి డబ్బిప్పిత్తానన్నాడు. నాకొద్దండి. లోపల పని చేత్తా చచ్చిపోయిందని ఒక్క ముక్క రాయమనండి, చాలు. మా పింకీ ఇస్కూల్లో అప్పుడే అంటన్నారంటండి, మీ అమ్మ దొంగతనానికెళ్ళి చచ్చిందని. నేనేం చెప్పాలండి దానికి?"

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు.

"లోపలుందని చెప్తే కార్డు సంగతి బయటికొస్తది కదే!" అంది ప్రియాంక అనే అమ్మాయి. "నా కార్డు మీద మా అమ్మొస్తంది. నేను డిగ్రీ కట్టింది ఆ కార్డు చూసుకునే. ఉషక్కని లోపలేస్తారు, మన కార్డులు పీకేస్తారు. అప్పుడేంటి?"

"పోయిన పేణం తిరిగొస్తదా? ఉన్నోళ్ళ సంగతి చూడండి" అని వెనక నుంచి ఒకావిడ.

"ఉన్నోళ్ళ సంగతే చూత్తన్నాం" అంది అచ్చమ్మ. "రేపు నువ్వు పడిపోతే మీ కోడలు కార్డు బతికే ఉంటది. నిన్ను కూడా తలకాయలు ఏరుకునే ముసల్దనే రాత్తారు. మనం చావడానికి కూడా వీల్లేదే ఆ గేటు లోపల. కార్డు చావదు కదా!"

నేను లేచాను. బూటు సంగతి చెప్పాను, ఉత్తరం సంగతి చెప్పాను. చెప్పడం పూర్తవకముందే తిట్లు మొదలయ్యాయి. నా చదువునీ నన్ను కన్నవాళ్ళనీ కూడా తిట్టారు. ఆ తిట్లు నాకు పడాల్సినవే. ముత్యాలరాజు ఒక్కడే నా చేతుల వంక చూస్తూ నిలబడ్డాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

చివరికి అచ్చమ్మే ఆపింది. "చాల్లెండి. ఇంగ్లీషొచ్చిన నోరు మనకి ఒక్కటే ఉంది, దాన్ని కూడా తిట్టి పోగొట్టుకోకండి. బుధవారం ఆడిట్. ఏమే పిల్లా, ఈసారేం జవాబులు నేర్పమన్నారు?"

"ప్రమాదాలేమైనా జరిగాయా అని అడిగితే లేదండి అనమన్నారు."

"నేను చెప్పేత్తానండి" అని ఒక గొంతు. స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఉషారాణి. నాగదుర్గ పోయినప్పటి నుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. "అది నా పేరుతో పోయిందండి. నేను మర్నాడెళ్ళి నా పేరు బతికే ఉందని సూపిత్తే, దాని సావు కూడా లేకుండా పోయింది. లోపలేత్తే వెయ్యనీయండి."

"ఒక్కదాన్నే వెళ్ళనివ్వం" అంది అచ్చమ్మ. ప్రియాంక మాత్రం తల దించుకుని ఇసుకలో గీతలు గీస్తూ ఉండిపోయింది. ఆ రోజు అంతకుమించి ఏమీ తేలలేదు. మీటింగు పెడితే చాలు అందరూ పిడికిళ్ళు ఎత్తేస్తారని ఎవరైనా చెబితే నమ్మకండి. సగం మంది భయంతోనే ఇళ్ళకి పోయారు.

బుధవారం ఆడిట్‌కి చెన్నై నుంచి ఒక మేడం వచ్చింది. మాట్లాడించడానికి కంపెనీ ఎంపిక చేసిన పన్నెండు మందిలో ఉషారాణి ఒకతి. ఆమె పేరు మొదట రాసింది గోపీకృష్ణ గారే. బతికున్న మనిషిని చూపిస్తే ఇక అనుమానానికి తావుండదని ఆయన ధీమా. మాటలు ఇంగ్లీషులో చెప్పే పని నాది.

మేడం లాప్‌టాప్‌లో చూసి అడిగింది, ఏడాదిలో ప్రమాదాలేమైనా జరిగాయా అని.

ఉషారాణి చేతులు కట్టుకుని నిలబడి చెప్పింది. "ఆయ్, జరిగిందండి. గేసు వదిలేసింది. ఆ రోజు నేను లోపల లేనండి. నా కార్డు మీద మా చెల్లొచ్చింది. నాగదుర్గండి దాని పేరు. ఎనకాల తలుపుకి తాళమేసున్నారండి. చచ్చిపోయిందండి."

నేను ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను నిజాయితీగా చేసిన పని ఆ రెండు నిమిషాలదే. గోపీకృష్ణ గారు కుర్చీలోంచి లేచి, పాపం ఇంట్లో చావు జరిగింది, మనసు బాగోలేదు అని ఏదో అన్నారు.

ఆ మేడం చెడ్డ మనిషేం కాదు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గ్లాసుడు మంచినీళ్ళు తాగి టైపు చేయడం మొదలుపెట్టింది. సాయంత్రం రిపోర్టు కాపీ నా బల్ల మీదకి వచ్చింది. అందులో ఇలా ఉంది. "ఒక కార్మికురాలు తన గుర్తింపు కార్డును అక్రమంగా మరొకరికి ఇచ్చినట్టు అంగీకరించింది. యాజమాన్యం తక్షణం చర్య తీసుకోవాలి." తాళం గురించి లేదు. సైరన్ గురించి లేదు. నాగదుర్గ గురించి లేదు.

కారెక్కబోతున్న ఆమెకి అడ్డం వెళ్ళాను. "మేడం, మనిషి చచ్చిపోయింది కదా?" అన్నాను.

"నాకు తెలుసు" అంది ఇంగ్లీషులో, చాలా మెల్లగా. "కానీ రికార్డులో లేని మనిషి గురించి నేను ఏమీ రాయలేను."

డెబ్భై ఒక్క మార్కులు తెచ్చుకున్న పేపర్లో నేను రాసిన జవాబులు కూడా ఇలాగే ఉండేవి. ఎక్కడా తప్పుండేది కాదు, ఎక్కడా మనిషుండేది కాదు.

తక్షణం చర్య అన్నారు కదా, కంపెనీ మర్నాడు పొద్దున్నే తీసుకుంది. తమను మోసం చేసిందని ఉషారాణి మీద పోలీసులకి ఫిర్యాదు ఇచ్చింది. పదింటికి జీపు వచ్చింది. ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు లోపలికొచ్చి రొయ్యల బల్ల దగ్గర ఆమె భుజం మీద చెయ్యేశారు. ఆమె చేతులు కడుక్కుంటానంది. ఐసునీళ్ళలో కడుక్కుని, వాళ్ళ వెనకే వెళ్ళిపోయింది.

అచ్చమ్మ చేతిలో రొయ్య బల్ల మీద పడేసి లేచింది. ఆమె పక్కావిడ లేచింది. మూడో వరసలో ప్రియాంక ఒక్క క్షణం అలాగే కూర్చుని, తర్వాత బల్ల తోసుకుని లేచింది. ఆ చప్పుడికి మిగతా వరసలు లేచాయి. ఆఫీసు గదిలోంచి నేను కూడా వచ్చేశాను.

"ఎక్కడికి? కూర్చోండి!" గోపీకృష్ణ గారు తలుపు దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. "నాలుగు టన్నుల సరుకు బల్ల మీదుంది. గంటలో పాడైపోతుంది. బయటికెళ్ళిన వాళ్ళకి రేపటి నుంచి కార్డు ఉండదు, చెబుతున్నాను!"

"కార్డుంటే ఏమవుద్దో చూసేం కదండి" అంది అచ్చమ్మ. ఆయన పక్కకి తప్పుకున్నారు.

స్టేషన్ నాలుగు కిలోమీటర్లు. ఎండలో, కొబ్బరితోటల మధ్య రోడ్డు మీద, తెల్ల టోపీల్లో నడిచాం. కబురు మాకంటే ముందు పాకింది. ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు, ఆ రోజు కార్డు మీద వంతు లేనివాళ్ళు, ఒక్కొక్కరే వచ్చి కలిశారు. తల్లి వచ్చి ప్రియాంక చెయ్యి పట్టుకుంది. స్టేషన్ చేరేసరికి మూడు వందల మందికి తక్కువ లేరు. ముత్యాలరాజు అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

ఎస్సై బయటికి వచ్చాడు. "ఏంటమ్మా ఇదంతా? ధర్నాలు చేస్తే వదిలేస్తామనుకున్నారా ఆవిణ్ణి?"

"వదలొద్దండి బాబుగారూ" అంది అచ్చమ్మ. "మేం కేసు పెట్టించుకోడానికొచ్చేం."

"ఎవరి మీద?"

"మా మీదేనండి. నేను మా కోడలి కార్డు మీద ఆరేళ్ళు చేసేను."

"మా అమ్మ నా కార్డు మీద చేసింది సార్" అంది ప్రియాంక. తల్లి పక్కనే నిలబడి, "ఆయ్, చేసేనండి" అంది.

"నేను మా వదిన కార్డు మీదండి." "నాది మా పిన్నిదండి, ఇద్దరం ఒకే రోజు చెరో పూట పని చేసిన రోజులు కూడా ఉన్నాయండి." "మేస్త్రికి తెలుసండి." "మేనేజరు గారికీ తెలుసండి."

ఎస్సై నవ్వబోయి ఆగిపోయాడు. లెక్క అతనికి కూడా అర్థమైంది. ఉషారాణి ఒక్కతే చేస్తే మోసం. మూడు వందల మంది చేస్తే, అది చూసుకోకుండా సంతకాలు పెట్టిన కంపెనీ రికార్డు మొత్తం అబద్ధం. ఆ అబద్ధం మీద ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్ అబద్ధం.

అది అందరికంటే ముందు అర్థమైన మనిషి పది నిమిషాల్లో కారు దిగాడు. గోపీకృష్ణ గారి మొహంలో ఇప్పుడు చిరునవ్వు ఉంది. "ఎస్సై గారూ, ఇది మా ఇంటి విషయమండి. ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నాం" అన్నారు. మా వైపు తిరిగి, "అమ్మా, ఎవరి మీదా ఏ చర్యా ఉండదు. కార్డులు మీవే. పదండి, సరుకు పాడైపోతోంది. ఉషారాణీ, నువ్వూ రామ్మా" అన్నారు.

నిజం చెప్పొద్దూ, నాకు వెనక్కి వెళ్ళిపోదామనిపించింది. నాకొక్కదానికే కాదు, గుంపు అంతా కదిలి ఆగింది. కార్డులు మీవే అన్న మాట ఎన్ని ఇళ్ళ అన్నమో మాకు తెలుసు. ఎవరో ఒకరు ఒక్క అడుగు గేటు వైపు వేసి ఉంటే చాలు, అందరం వెనకే వెళ్ళిపోయేవాళ్ళం.

స్టేషన్ లోపల బెంచీ మీద నుంచి ఉషారాణి లేవలేదు.

"నేను రానండి" అంది. "కేసు రాయండి. నా తప్పు రాయండి. రాయకపోతే ఇక్కణ్ణించి లేవను."

"బయటికి పొమ్మంటే పోనంటావేంటమ్మా?" అన్నాడు ఎస్సై.

అచ్చమ్మ స్టేషన్ మెట్ల మీద కూర్చుంది. ఆమె వెనక ప్రియాంక, ఆమె తల్లి. తర్వాత వాకిలి నిండా అందరూ కూర్చున్నారు. గోపీకృష్ణ గారి ఫోను మోగుతూనే ఉంది. ఆయన అది తీయలేదు. అరగంట గడిచింది. ఎస్సై కూడా ఎవరితోనో రెండుసార్లు ఫోనులో మాట్లాడాడు. చివరికి విసుగ్గా, స్టేషన్‌లో కేసులు రాసే రైటర్‌ని పిలిచి, "వీళ్ళ స్టేట్‌మెంట్లు తీసుకో. ఎంతమంది చెబుతారో చూద్దాం" అన్నాడు.

రైటర్ కాగితాల కట్ట తీశాడు. "మొదట ఎవరి పేరు?"

"నాగదుర్గండి" అంది ఉషారాణి. "ముత్యాలరాజు భార్య. ముప్పై రెండేళ్ళు."

రైటర్ పెన్ను ఆపాడు. "ఆ చచ్చిపోయినావిడేనా? చచ్చిపోయినావిడ మీద కేసేంటమ్మా?"

"దొంగ కార్డు మీద లోపలికెళ్ళింది ఆవిడే కదండి. అది నేరమని మీరే అంటన్నారు. రాయండి. మొదటి ముద్దాయి ఆవిడే."

రైటర్ ఎస్సై వంక చూశాడు. గోపీకృష్ణ గారు, "అది ఎలా రాస్తారండి?" అంటూ ముందుకొచ్చారు. ఎస్సై ఆయన్ని ఒకసారి చూసి, మూడు వందల మందిని ఒకసారి చూసి, "చెప్పింది చెప్పినట్టు రాయి" అన్నాడు.

"ఏ రోజు? ఎన్నింటికి? ఎక్కడ?"

ఉషారాణి తేదీ చెప్పింది, టైము చెప్పింది. "ఫ్యాక్టరీ లోపలండి. ఎనకాల తలుపు పక్కన" అంది. అతను రాస్తుంటే వంగి చూసి, తనకి చదవడం రాకపోయినా, "లోపల అని రాసేరా అండి?" అని మళ్ళీ అడిగింది.

"రాశానమ్మా."

ముత్యాలరాజు కండువాతో మొహం తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. "బాబూ, ఆ కాయితం నకలొకటి ఇప్పించండి. మా పింకీకి చదివి వినిపించాలి."

రైటర్ ఇంకో కాగితం తీసి బల్ల మీద పెట్టి తలెత్తాడు.

"తర్వాత?"

అచ్చమ్మ మెట్ల మీద నుంచి లేచి లోపలికి వచ్చింది.